నెడ్ కెల్లీ ఎవరు, చచ్చి ఇన్నేళ్లయినా ఎందుకింత గోల? మెల్బోర్న్ పోయొచ్చే మనోళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఇప్పుడు ఏ వీధిలో అడిగినా ఒకరి కొడుకో కూతురో ఆస్ట్రేలియాలో ఉంటారు, మా అమ్మాయి కూడా మెల్బోర్న్‌లోనే. ఇక్కడి నుంచి పోయే అమ్మానాన్నలందరూ అక్కడ ఒకటి మాత్రం తప్పకుండా చూస్తారు, తలమీద నూనె డబ్బా బోర్లించినట్లు ఒక ఇనప టోపీ, కళ్ల దగ్గర చిన్న సందు. టీషర్టు మీద, బీరు సీసా మీద, పోస్టు పెట్టె మీద, ఎక్కడ బడితే అక్కడ. వచ్చినాక యూనివర్సిటీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసేటప్పుడు నన్ను పట్టుకుని అడుగుతా ఉంటారు, ఎవరన్నా వాడు, ఏందా కథ అని. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడతా ఉంది, అందుకే అన్నీ ఒక చోట రాసి పెడుతున్నా.

ఎవరప్పా ఈ నెడ్ కెల్లీ? రెండు ముక్కల్లో చెప్పు.

ఆస్ట్రేలియా ఇంకా బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్నప్పటి బందిపోటు. అక్కడ అట్లాంటోళ్లని బుష్‌రేంజర్లు అంటారు. 1854 డిసెంబర్ ప్రాంతంలో మెల్బోర్న్‌కి ఉత్తరాన బెవరిడ్జ్ దగ్గర పుట్టినాడు, 1880 నవంబర్ 11న మెల్బోర్న్ జైల్లో ఉరి తీసినారు. అప్పటికి వయసు 25. ముగ్గురు పోలీసుల్ని చంపినాడు, రెండు బ్యాంకులు దోచినాడు, ఒక రైలు పడగొట్టాలని చూసినాడు. ఇదంతా చేసింది రెండేళ్ల లోపల, తర్వాత నూట నలభై ఏళ్లకి పైగా వాడి పేరు చెప్పుకుని జనం కొట్లాడుకుంటా ఉన్నారు.

పోలీసులతో గొడవ ఎక్కడ మొదలైంది?

వాళ్ల నాయన నుంచే అనుకోవచ్చు. ఐర్లాండ్‌లో రెండు పందులు దొంగిలించినాడని శిక్ష వేసి ఆయన్ని ఓడెక్కించి టాస్మేనియాకి పంపించినారు, రెండు పందులకి ప్రపంచం అవతలి కొనకి. శిక్ష అయిపోయినాక మెల్బోర్న్ ఉండే విక్టోరియాకి వచ్చి పెళ్లి చేసుకున్నాడు, నెడ్‌కి పన్నెండేళ్ల వయసులో చనిపోయినాడు. తల్లి ఎలెన్, పిల్లల గుంపుని వేసుకుని గ్రెటా అనే ఊరి దగ్గర చిన్న భూమిలో బతికింది. అప్పట్లో అక్కడ పెద్ద పెద్ద భూములన్నీ కొందరి చేతుల్లోనే ఉండేవి, చిన్న రైతులకి మిగిలింది పనికిరాని నేల, వాయిదా కట్టకపోతే అదీ పోతుంది. పశువులు, గుర్రాలు అటూ ఇటూ మారిపోవడం, దొంగకేసులు, పోలీసు ఇంటికి రావడం, ఇది రోజువారీ వ్యవహారం. నెడ్ పదిహేనేళ్లకే ఒక ముసలి బందిపోటు వెంట తిరిగినాడని అరెస్టయినాడు, తర్వాత దొంగ గుర్రం కేసులో మూడేళ్ల శిక్ష పడింది. మనోడు శుద్ధపూస అని ఎవరూ అనరు, వాడి అభిమానులు కూడా అనరు.

అసలు తిరగబడింది 1878 ఏప్రిల్ 15న. నెడ్ తమ్ముడు డాన్‌ని గుర్రాల దొంగతనం కేసులో పట్టుకుపోవడానికి ఫిట్జ్‌పాట్రిక్ అని ఒక కానిస్టేబుల్ ఒక్కడే ఇంటికి పోయినాడు. నన్ను నెడ్ చేతిమీద కాల్చినాడు, వాళ్లమ్మ పారతో కొట్టింది అని అతను కేసు పెట్టినాడు, నేనసలు అక్కడ లేనే లేను అని నెడ్. ఎవరు చెప్పింది నిజమో ఈ రోజుకీ తేల్లేదు కానీ ఆ కానిస్టేబుల్‌ని రెండేళ్లకి డిపార్ట్‌మెంటు వాళ్లే ఉద్యోగంలోంచి తీసేసినారు. ఈ లోపల ఎలెన్‌కి మూడేళ్ల జైలు పడింది, అప్పుడు ఆయమ్మ చంకలో పసిబిడ్డ ఉంది. ఆ శిక్ష వేసిన జడ్జి పేరు రెడ్‌మండ్ బారీ, ఈ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

పోలీసుల్ని ఎందుకు చంపినాడు? ఆత్మరక్షణ అంటారు కదా?

వాడు అట్లే చెప్పుకున్నాడు. 1878 అక్టోబర్ 26న స్ట్రింగీబార్క్ క్రీక్ అనే వాగు దగ్గర నలుగురు పోలీసులు మామూలు బట్టల్లో వీళ్ల కోసం వెతుకుతా మకాం వేసినారు. కెల్లీ వాళ్లు నలుగురు, అంటే నెడ్, డాన్, జో బర్న్, స్టీవ్ హార్ట్, చుట్టూ చేరి తుపాకులు చూపించి చేతులెత్తమన్నారు. లోనిగన్ అనే కానిస్టేబుల్ అక్కడికక్కడే పోయినాడు. మెకిన్‌టైర్ లొంగిపోయినాడు. కాసేపటికి బయటికి పోయిన కెనడీ, స్కాన్లన్ తిరిగొచ్చినారు, వాళ్లనీ కాల్చినారు. ఆ గందరగోళంలో మెకిన్‌టైర్ గుర్రమెక్కి తప్పించుకున్నాడు, కోర్టులో సాక్షి ఆయనే. సార్జెంట్ కెనడీని అడవిలో కొంత దూరం తరిమి కాల్చినాడు నెడ్, బాధ పడతా ఉంటే చూడలేక ఆఖరి గుండు వేసినానని, పైన కోటు కప్పి వచ్చినానని తర్వాత చెప్పినాడు. జేబులో వాచీ మాత్రం తీసుకున్నారు.

వాళ్లు మమ్మల్ని ప్రాణాలతో పట్టుకునే ఉద్దేశంతో రాలేదు అనేది నెడ్ వాదన, పోలీసులు తెచ్చుకున్న సామాను చూస్తే అందులో కొంచెం బలం లేకపోలేదు. కానీ ముందు తుపాకీ ఎత్తి మీదికి పోయింది ఎవరయ్యా అంటే మాత్రం జవాబు ఒకటే.

అవుట్‌లా అని ప్రకటించినారంట, అంటే మామూలు దొంగకీ దానికీ తేడా ఏంది?

తేడా ఉంది. ఆ ఏడే విక్టోరియా అసెంబ్లీ గబగబా ఒక చట్టం చేసింది. లొంగిపోమని గడువు పెట్టి రాకపోతే ఇంక వాళ్లని ఎవరైనా, పోలీసే అయ్యుండక్కర్లేదు, హెచ్చరిక లేకుండా కాల్చి చంపొచ్చు, వాళ్లకి తిండి పెట్టినోడికీ తావిచ్చినోడికీ జైలు. వాళ్ల తలలకి వెలపెట్టింది మొదట కొంచెమే, పెంచుకుంటా పోయి ముఠా మొత్తానికి 8,000 పౌండ్లు చేసినారు, ఆ రోజుల్లో అది పిచ్చి డబ్బు. అంత డబ్బు ఊరిస్తా ఉన్నా ఏడాదిన్నర పైన ఎవరూ పట్టించలేదు. ఆ మాట మీద వాడి అభిమానులు ఛాతీ విరుచుకుంటారు.

1879 జనవరిలో ఇంకో పని చేసినారు, కెల్లీకి సాయం చేస్తున్నారనే అనుమానం మీద ఇరవై మందికి పైగా రైతుల్ని సాక్ష్యం లేకుండానే కొన్ని నెలలు లోపలేసినారు. కోతల టైమ్. చేను పోయిన ప్రతి ఇల్లూ కెల్లీ ఇల్లయింది. నన్నడిగితే ఆ బందిపోటుకి ఇంత పేరు రావడంలో సగం పని గవర్నమెంటే చేసి పెట్టింది.

బ్యాంకులు దోచి పేదలకి పంచినాడా?

చుట్టాలకి, తెలిసినోళ్లకి డబ్బు చేరినట్లు ఉంది, అప్పులున్న కొన్ని కుటుంబాలు ఉన్నట్టుండి అప్పు తీర్చేసినాయని చెప్తారు. ఊరూరా తిరిగి పంచింది ఏమీ లేదు. కానీ దోచిన తీరు మాత్రం నాటకం మాదిరి ఉంటుంది. 1878 డిసెంబర్‌లో యురోవాలో ముందు ఒక పెద్ద ఫారం పట్టుకుని అందరినీ స్టోర్ రూమ్‌లో పెట్టి, తర్వాత పోయి బ్యాంకు కొట్టి రెండు వేల పౌండ్ల దాకా తీసుకున్నారు. 1879 ఫిబ్రవరిలో జెరిల్డరీలో ఇంకా దారుణం, పోలీసు స్టేషన్‌లో ఉన్న పోలీసుల్నే వాళ్ల సెల్‌లో వేసి తాళం పెట్టి, వాళ్ల యూనిఫామ్ తొడుక్కుని ఊర్లో తిరిగినారు. అంతా కొత్తగా వచ్చిన పోలీసులనుకున్నారు. బ్యాంకులో డబ్బు తీసుకోవడమే కాదు, కొన్ని అప్పు కాగితాలు కూడా తగలబెట్టినాడంటారు, జనానికి డబ్బు కంటే ఆ కాగితాల కథే బాగా గుర్తుండిపోయింది, ఎందుకో మనకి చెప్పక్కర్లేదు.

ఉత్తరం ఏదో రాసినాడంట?

జెరిల్డరీ ఉత్తరం. నాకు మొత్తం కథలో ఇదే ఇష్టం. దగ్గర దగ్గర 8,000 మాటలు, నెడ్ చెప్తా ఉంటే జో బర్న్ రాసినాడు. ఆ ఊరి పత్రిక ఆయనతో అచ్చేయించాలని జేబులో పెట్టుకుని పోయినాడు, పాపం ఆయన వీళ్లని చూసి ఊరొదిలి పరిగెత్తినాడు, దాంతో బ్యాంకు అకౌంటెంట్ చేతిలో పెట్టి అచ్చేయించమని చెప్పి పోయినాడు. ఆ అకౌంటెంట్ అచ్చేయించనే లేదు. మొత్తం అచ్చయ్యేసరికి 1930 వచ్చింది, వాడు పోయిన యాభై ఏళ్లకి. అసలు కాగితాలు ఇప్పుడు స్టేట్ లైబ్రరీ విక్టోరియాలో ఉండాయి.

చదివితే ఊపిరి ఆడదు, ఫుల్‌స్టాప్ ఉండదు, కామా ఉండదు, కోపం వచ్చినోడు రచ్చబండ మీద కూర్చుని ఆపకుండా మాట్లాడినట్లు ఉంటుంది. పోలీసుల్ని తిట్టిన తిట్లు చూడాలి, లావు మెడలోళ్లు, వాంబాట్ తలకాయలోళ్లు, కుండ పొట్టలోళ్లు, పిట్టకాళ్లోళ్లు అని ఒకదాని మీద ఒకటి, వాంబాట్ అంటే అక్కడ బొరియలు తవ్వే ఒక పొట్టి జంతువు. మధ్యలో వాళ్లమ్మ గురించి, ఐర్లాండ్‌లో తాతలు పడిన బాధల గురించి, భూముల గురించి. చివరికొచ్చేసరికి బెదిరింపులు. మామూలుగా దొంగల కథ పోలీసు రికార్డులోనే మిగులుతుంది, వీడు తన వైపు కథ తన నోటితో చెప్పి పెట్టిపోయినాడు. ఇది లేకుంటే వాడు ఆ కాలంలో పట్టుబడిన వందల మంది బుష్‌రేంజర్లలో ఒకడై ఉండేవాడని నా నమ్మకం.

ఆ ఇనప కవచం నిజంగా ఉందా, లేక సినిమా కోసమా?

నిజం. నాగలికి మన్ను తిరగేసే రేకులుంటాయి కదా, వాటిని కొన్ని దొంగిలించి కొన్ని అడిగి తీసుకుని, కాల్చి సాగగొట్టి చేసినారు. నలుగురికీ నాలుగు. నెడ్‌ది 44 కిలోల దాకా ఉంటుంది. ఎవరు చేసినారో చెప్పినోడు లేడు, ఊరి కమ్మరులని కొందరు, అడవిలో వీళ్లే మొద్దు మీద పెట్టి కొట్టుకున్నారని కొందరు. ఈ మధ్య సైంటిస్టులు జో బర్న్ కవచం పరీక్ష చేస్తే సరైన కొలిమిలో కాల్చినట్లు లేదు, అడవి మంటలో కాల్చినట్లే ఉందని తేల్చినారు.

నెడ్ కవచాన్ని స్టేట్ లైబ్రరీలో అద్దం వెనకాల పెట్టినారు, దగ్గరికి పోయి చూడండి. ఎక్కడెక్కడ గుండు తగిలిందో అక్కడ సొట్టలు అట్లే ఉండాయి, మేకులు వంకరటింకర, రేకు అంచులు సమంగా లేవు. ఎవరో గొప్ప పనోడు చేసింది కాదు అని చూడగానే తెలుస్తుంది, పొలం పనిముట్టు పొలం పనిముట్టు లాగే ఉంది. కాళ్లకి మాత్రం ఏమీ లేదు. అక్కడే దొరికిపోయినాడు.

గ్లెన్‌రోవన్‌లో ఏం జరిగింది?

1880 జూన్ ఆఖరు. ముందు వాళ్లకి పాత స్నేహితుడైన ఆరన్ షెరిట్‌ని, పోలీసులకి ఉప్పందిస్తున్నాడని అతని ఇంటి గుమ్మంలోనే జో బర్న్ కాల్చేసినాడు. అది వినగానే మెల్బోర్న్ నుంచి పోలీసులు స్పెషల్ ట్రైన్‌లో వస్తారు, ఆ ట్రైన్‌ని గ్లెన్‌రోవన్ అనే ఊరు దాటినాక మలుపులో పడగొట్టాలి, ఇదీ ప్లాన్. పట్టాలు పీకించినారు. ఊరి జనం అరవై మంది దాకా ఆన్ జోన్స్ అనే ఆమె హోటల్లో బందీలు. ట్రైన్ రావడం లేటయింది, ఆదివారమంతా అక్కడే తాగడాలు, డాన్సులు.

బందీల్లో థామస్ కర్నో అని ఒక స్కూల్ టీచర్. నెడ్‌ని మంచి చేసుకుని, భార్యకి ఒంట్లో బాగలేదు ఇంటికి పోతామని పర్మిషన్ తెచ్చుకున్నాడు, ఇంటికి పోయినాక ఒక కొవ్వొత్తి, ఒక ఎర్ర స్కార్ఫ్ తీసుకుని చీకట్లో పట్టాల మీదికి పోయి ట్రైన్‌ని ఆపేసినాడు. తర్వాత ఇంక కాల్పులు. జూన్ 28 తెల్లవారుజామున పొగమంచులో నెడ్ ఆ కవచం వేసుకుని పోలీసుల వెనక నుంచి నడిచి వస్తా ఉంటే, గుండ్లు తగిలి టంగు టంగు మని శబ్దం వస్తా ఉంటే, పోలీసులకి అది మనిషో దయ్యమో అర్థం కాలేదంట. కాళ్ల మీద కాల్చినాక కూలిపోయినాడు. జో అప్పటికే చనిపోయినాడు. డాన్, స్టీవ్ హోటల్లోపలే చనిపోయినారు, హోటల్‌కి పోలీసులే నిప్పు పెట్టినారు. బందీల్లో కూడా ప్రాణాలు పోయినాయి, అందులో ఆన్ జోన్స్ కొడుకు చిన్న పిల్లోడు.

సినిమాల్లో ఆ మంచులో నడక చూపిస్తారు, పట్టాలు పీకింది గబుక్కున దాటేస్తారు. ఆ ట్రైన్‌లో పోలీసులే కాదు, పత్రికలోళ్లు, రైలు సిబ్బంది, దారి చూపే ఆదివాసీ ట్రాకర్లు కూడా ఉన్నారు. నా వరకు నేను అక్కడికొచ్చి ఆగిపోతాను. ఉత్తరం చదివి జాలిపడినోణ్ణే, రైలు దగ్గర మాత్రం జాలి రాదు. అసలు హీరో ఆ టీచరే అంటే మా అల్లుడు ఒప్పుకోడు, అది వేరే విషయం.

నడుముకి ఏదో పచ్చ పట్టీ ఉండేదంట?

అది చిన్నప్పుడు వచ్చిన బహుమతి. ఏవెనెల్ అనే ఊర్లో వాగులో కొట్టుకుపోతున్న పిల్లోణ్ణి నెడ్ దూకి బయటికి తీసినాడు, ఆ పిల్లోడి అమ్మానాన్నలు బంగారు అంచున్న పచ్చ సిల్కు పట్టీ ఇచ్చినారు. గ్లెన్‌రోవన్‌లో ఇనప కవచం కింద అదే కట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు బెనల్లా ఊరి మ్యూజియంలో ఉంది, నెత్తురు మరక కూడా ఉంది.

జడ్జిని శపించినాడంట, ఆయన చచ్చిపోయినాడంట?

ఇది మనోళ్లు ఎక్కువ ఇష్టపడే ప్రశ్న. అదే రెడ్‌మండ్ బారీ, వాళ్లమ్మకి శిక్ష వేసినాయనే, నెడ్‌కి ఉరిశిక్ష వేసినాడు, లోనిగన్ హత్య కేసులో. దేవుడు నీ ఆత్మని కరుణించుగాక అని జడ్జి అంటే, నేను పోయే చోట నిన్ను చూస్తాలే అన్నట్లు నెడ్ బదులిచ్చినాడు, ఇది కోర్టులో అందరూ విన్నదే. ఉరి తీసిన పన్నెండు రోజులకి, నవంబర్ 23న, జడ్జి జబ్బు చేసి పోయినాడు. ఆయనకి అప్పటికే ఆరోగ్యం బాగలేదు, వయసు కూడా అయింది. కానీ ఇట్లాంటి తారీకులు దొరికితే జనం వదులుతారా.

ఉరి వద్దని 30 వేల మందికి పైగా సంతకాలు పెట్టినారు, అది కూడా గుర్తు పెట్టుకోవాలి, అప్పటి మెల్బోర్న్ జనాభాకి అది చిన్న సంఖ్య కాదు.

ఉరి ముందు "సచ్ ఈజ్ లైఫ్" అన్నాడు కదా, జీవితం అంటే ఇంతే అని?

ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకునే డైలాగ్ అది. అన్నాడని కొన్ని పత్రికలు రాసినాయి, దగ్గరున్న ఇంకొందరు వేరే ఏదో గొణిగినాడని రాసినారు. గట్టిగా చెప్పేదానికి లేదు. పచ్చబొట్లు మాత్రం ఆగవు.

వాడి తల పోయిందంట, నిజమా?

నిజమే. జైల్లోనే పాతిపెట్టినారు. 1929లో అక్కడ కట్టడానికి తవ్వితే సమాధులు బయటపడినాయి, చూడ్డానికి వచ్చినోళ్లు ఎముకలు గుర్తుగా తీసుకుపోయినారు, మిగిలింది పెంట్రిడ్జ్ అనే ఇంకో జైల్లో పూడ్చినారు. కెల్లీ పుర్రె అని చెప్పి ఒకటి పాత జైలు మ్యూజియంలో పెట్టినారు, అది 1978లో దొంగతనమైంది, 2009లో ఒకాయన తెచ్చిచ్చినాడు, పరీక్ష చేస్తే అది వాడిది కాదు. పెంట్రిడ్జ్‌లో దొరికిన అస్థిపంజరం మాత్రం వాడిదేనని 2011లో డీఎన్‌ఏతో తేలింది, వాడి తోబుట్టువు సంతతి ఒకరి రక్తంతో పోల్చి చూసినారు. పుర్రెలో ఎక్కువ భాగం లేదు. 2013 జనవరిలో చర్చిలో ప్రార్థన చేసి గ్రెటాలో తల్లి ఉన్న చోటే పూడ్చినారు, పైన పేరు కూడా పెట్టలేదు, మళ్లీ ఎవరు తవ్వుతారో అని.

ఇది చదివినప్పుడు రేనాటి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, తలని కోట దగ్గర వేలాడదీసినారు, 1877 దాకా అట్లే ఉంచినారు, ముప్ఫై ఏళ్లు. చూసి జనం భయపడాలని పెట్టింది అది. జనం కింద నిలబడి పాట కట్టుకున్నారు.

అంటే కెల్లీ కూడా మన నరసింహారెడ్డి లాంటోడేనా? లేక వీరప్పన్ లాంటోడా?

రెండూ కాదు. నరసింహారెడ్డి పాలెగాళ్ల వంశం, కంపెనీ వాళ్లు అధికారం లాక్కుని నెలకి పదకొండు రూపాయల చిల్లర భరణం పడేసినారు, పైన అవమానం. వాళ్ల తాతల పాలన పోయింది, దానిమీద తిరగబడినాడు, వెంట వేల మంది వచ్చినారు. కెల్లీకి పోగొట్టుకోవడానికి పాలన లేదు, కౌలు లాంటి చిన్న భూమి, నలుగురు మనుషులు. పైగా తెల్లోడే, ఆదివాసుల దగ్గర గుంజుకున్న నేల మీద బతికే తెల్లోళ్లలో కింది మెట్టు. బ్రిటిష్ వాళ్లని వెళ్లగొట్టి ప్రత్యేక రిపబ్లిక్ పెట్టాలనుకున్నాడని కొందరు చరిత్రకారులు రాసినారు, దానికి కాగితం ముక్క ఒక్కటి దొరకలేదు, మిగతా చరిత్రకారులు ఒప్పుకోరు.

వీరప్పన్ అని చిత్తూరు వైపు వాళ్లు అడుగుతారు, బార్డర్ కదా. మీసం, అడవి, పోలీసుల్ని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టడం, ఆ మేరకి ఒప్పుకుంటాను. కానీ ఏనుగు దంతాలు, గంధం చెక్క వ్యాపారం కెల్లీది కాదు.

పోలిక ఉన్నది ఒక్క చోట. నరసింహారెడ్డి పేరు మీద పాట నిలిచింది, 2019లో చిరంజీవి సినిమా వచ్చింది, 2021లో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకి ఆయన పేరు పెట్టినారు. ఉరి తీసిన గవర్నమెంటు కుర్చీలో తర్వాత వచ్చిన గవర్నమెంటు రిబ్బన్ కట్ చేస్తుంది. కెల్లీ విషయంలో కూడా అంతే, ఉరి తీసిన రాష్ట్రమే ఇప్పుడు కవచానికి అద్దాల పెట్టె చేయించింది.

బందిపోట్లని, పాలెగాళ్లని జనం ఎప్పుడూ హీరోలే చేస్తారా?

తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న అడగకూడదు. మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో విలన్ ఎవరు? పాలెగాడే. ఊర్లో ఆడోళ్లని బతకనియ్యని పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, అమ్మ రోజుకొక వేషం మార్చి, బైరాగి అని, బండ అని, తోటి అని వెతుక్కుంటా పోయి చివరికి దొర వేషంలో దొరికించుకుని తల నరికిందని కథ. రేనాడులో పాలెగాడి తల తెగితే ఏడ్చి పాట, ఇక్కడ తల తెగితే పండగ. ఆ తర్వాత రోజు మాతంగి వేషంలో పోయి ఆ పాలెగాడి పెళ్లాన్నే ఓదార్చిందంటారు, నాకు ఆ ముక్క చాలా ఇష్టం.

ఇంకో సరదా సంగతి, జాతరలో మగోళ్లు చీర కట్టి జడేసుకుని వస్తారు కదా, కెల్లీ ముఠాలో స్టీవ్ హార్ట్ కూడా ఆడవేషంలో గుర్రం మీద తిరిగేవాడంటారు, దానిమీద సిడ్నీ నోలన్ అని పెద్ద పెయింటర్ బొమ్మ కూడా వేసినాడు.

పెయింటింగులు, సినిమాలు అంత ఫేమస్సా?

1906లో కెల్లీ ముఠా మీద ఒక సినిమా తీసినారు, గంటకి పైగా నడిచింది, ప్రపంచంలోనే అంత నిడివిలో కథ చెప్పిన మొదటి సినిమా అదేనంటారు. ఇప్పుడు ముక్కలే మిగిలినాయి, 2007లో యునెస్కో వాళ్లు ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో పెట్టినారు. జనం ఎగబడే కొద్దీ గవర్నమెంటుకి భయం పట్టుకుని, 1911-12 ప్రాంతంలో కొన్ని రాష్ట్రాలు బుష్‌రేంజర్ సినిమాలే వద్దని నిషేధించినాయి. తర్వాత మళ్లీ తీసుకుంటానే ఉన్నారు, 1970లో పాటలు పాడే మిక్ జాగర్ కెల్లీ వేషం వేసినాడు, 2003లో హీత్ లెడ్జర్. వాడి గొంతుతో రాసిన నవలకి 2001లో బుకర్ ప్రైజ్ వచ్చింది.

నోలన్ 1946, 47లో వేసిన బొమ్మలు 27, వాటిలో ఎక్కువ భాగం కాన్‌బెర్రాలో నేషనల్ గ్యాలరీలో ఉండాయి. తలకాయ నల్ల చదరం, కళ్ల సందులోంచి వెనకాల ఆకాశం కనిపిస్తుంది, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలీదు. మనం ఈ రోజు టీషర్టు మీద చూసే బొమ్మ అసలు కవచం కంటే ఈ నోలన్ చదరానికే దగ్గర. మూడేళ్ల పిల్లోడు కూడా గీయగలిగే బొమ్మ అది, పేరు నిలబడ్డానికి ఇంతకంటే ఏం కావాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభంలో కూడా ఆ వేషాలే గుంపుగా దించినారు. హంతకుడి వేషం ఒలింపిక్స్‌లోనా అని అడిగినోళ్లు కూడా ఉన్నారు.

ఆదివాసులు వాడి గురించి ఏమనుకుంటారు?

ఇది ఎవరూ అడగరు, నేనే పెట్టినా. కెల్లీని పట్టుకోవడానికి క్వీన్స్‌లాండ్ నుంచి ఆదివాసీ ట్రాకర్లని తెచ్చినారు, వాడు వాళ్లకి బాగా భయపడేవాడు. కానీ ఎక్కడో ఉత్తరాన, కెల్లీ కలలో కూడా పోని యారలిన్ అనే ఊర్లో, ఆదివాసీ పెద్దోళ్లు చెప్పుకునే కథల్లో నెడ్ కెల్లీ మంచి తెల్లోడిగా వస్తాడు, ఒక్క రొట్టె, ఒక్క డబ్బా టీతో అందరి కడుపూ నింపినాడని. భూములు లాక్కున్న తెల్లోళ్లందరికీ ఎదురు నిలబెట్టడానికి వాళ్లకి తెల్లోళ్లలోనే ఒకడు కావాల్సొచ్చినాడు. చరిత్ర పుస్తకంతో దీనికి సంబంధమే లేదు, ఒక పరిశోధకురాలు అక్కడ ఉండి విని రాసుకున్న కథలు ఇవి.

అక్కడ అందరూ వాణ్ణి మెచ్చుకుంటారా?

లేదు. పోలీసు కుటుంబాల వాళ్లకి ఒళ్లు మండుతుంది. మాన్స్‌ఫీల్డ్ ఊరి నడి మధ్యన ఆ ముగ్గురు పోలీసుల స్మారకం ఉంది, స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర కూడా ఉంది. గ్లెన్‌రోవన్‌లో మాత్రం ఆరు మీటర్ల నెడ్ విగ్రహం తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటాడు, టూరిస్టులు దాని కాళ్ల దగ్గర సెల్ఫీలు. చంపినోడికి అంత విగ్రహం, చచ్చినోళ్లకి రాయి అని వాళ్ల మనవలు అడిగితే ఏం చెప్తాం. అయితే ఉరి తర్వాత 1881లో వేసిన రాయల్ కమిషన్ పోలీసు ఆఫీసర్లని గట్టిగానే తిట్టింది, అది కూడా అబద్ధం కాదు.

ఇవన్నీ చూడాలంటే ఎక్కడికి పోవాలి?

మెల్బోర్న్ సిటీలో స్టేట్ లైబ్రరీ, ఎంట్రీ ఫ్రీ, కవచం అక్కడే. అక్కడి నుంచి నడిచే దూరంలోనే ఓల్డ్ మెల్బోర్న్ గాల్, ఉరి తీసిన జైలు, దానికి టికెట్. గ్లెన్‌రోవన్ రెండు వందల కిలోమీటర్ల పైన, కారులో పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు, దారిలో బెనల్లాలో పచ్చ పట్టీ చూసుకోండి. పులిహోర కట్టుకుని పోండి, అక్కడ మన నోటికి పట్టే తిండి దొరకదు. మోకాళ్ల నొప్పులుంటే జైల్లో ఇనప మెట్లు జాగ్రత్త.

మనవడికి స్కూల్లో "కెల్లీ హీరోనా, విలనా" అని డిబేట్ ఇచ్చినారు, ఏ పక్క మాట్లాడమనాలి?

పోలీసుల పక్క మాట్లాడమనండి. కెల్లీ పక్కన మాట్లాడేదానికి సగం క్లాసు రెడీగా ఉంటుంది, అట్ట డబ్బాతో హెల్మెట్ చేసుకుని మరీ వస్తారు. ఫిట్జ్‌పాట్రిక్ మంచోడని వాదించొద్దని చెప్పండి, ఓడిపోతాడు. పీకిన పట్టాలతో మొదలుపెట్టమనండి, తర్వాత కొవ్వొత్తి పట్టుకుని పోయిన టీచర్, తర్వాత హోటల్లో పోయిన పిల్లోడు. ఆఖర్లో కెనడీ, లోనిగన్, స్కాన్లన్ మూడు పేర్లూ తడబడకుండా చెప్పి, ఈ ముగ్గురి పేర్లు చూడకుండా మీరు చెప్పండి చూద్దాం అని అవతలి టీమ్‌ని అడగమనండి. వాళ్లకి వచ్చేది డౌటే.